కొండవాలుకు ధర కట్టేదెవరు?

ఒడిశాలోని గుణుపురం నుంచి సవర గిరిజనుల పల్లెల వైపు పోయే దారిలో ఒక కొండవాలు ఉంది. అడుగున పత్తి. నడుమ జామాయిల్. ఆ పైన, రాళ్లు తేలి నాగలి దిగని చోట, చోడి. రాగులను మా సరిహద్దు తెలుగువాళ్లం చోళ్లంటాం, ఒడియావాళ్లు మండియా అంటారు. నా చిన్నతనంలో ఆ వాలంతా చోడే ఉండేది. దాని మధ్యలో కంది, సామ, జొన్న, అలసంద కూడా ఉండేవి. గట్ల మీద గోంగూర మొలిచేది. ఒక్క చేను ఇంటికి ఏడాది పొడవునా తిండి పెట్టేది.

మొన్న ఆషాఢంలో అక్కడ ఆగి, పై పొలం చెక్కలో చోడి నారు నాటుతున్న పెద్దాయనతో మాట కలిపాను.

"పత్తి ఎందుకు వేయలేదు తాతా?"

"పైన మట్టి లేదు బాబూ. ఉంటే నేనూ వేసేవాణ్ణే."

నేను ఈ వ్యాసంలో విప్పి చెప్పాలనుకున్న చిక్కంతా ఆ జవాబులో ఉంది. ఆ వాలు మీద చోడి మిగలడానికి కారణం సంప్రదాయంపై మమకారం కాదు, మట్టి పలచబడటం. కింద చోడి పోవడానికి కారణం అజ్ఞానం కూడా కాదు. ధర చెప్పిన చోటికి రైతు నడిచాడు. కాబట్టి కొండను, నేలను, నీటిని కాపాడాలంటే రైతుకు ఉపన్యాసం చెప్పే ముందు, ఆ ధరలు ఎవరు నిర్ణయిస్తున్నారో, అవి దేనికి డబ్బిస్తున్నాయో చూడాలి. వ్యవసాయ విధానంలో "మార్కెట్ ఆధారిత చర్యలు" అనే మాటకు అసలు అర్థం ఇదే. ప్రకృతికి మేలు చేసే పని రైతుకు లాభసాటిగా, కీడు చేసే పని ఖరీదుగా ఉండేలా ధరలను, రాయితీలను, పన్నులను, కొనుగోళ్లను సరిచేయడం.

దీనికి ఎదురుగా ఉన్న దారి నిషేధం. శ్రీలంక 2021 మేలో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. వరి, తేయాకు దిగుబడులు పడిపోయాయి, రైతులు వీధుల్లోకి వచ్చారు, నవంబరు నాటికి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. మంచి ఉద్దేశాన్ని రైతు నెత్తిన ఒక్క దెబ్బతో రుద్దితే ఏమవుతుందో మన పొరుగునే చూశాం. ధరల దారి నెమ్మదిగా నడుస్తుంది కానీ రైతుకు ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది.

మార్కెట్ ఇప్పటికే కొండెక్కింది

ఈ చర్చలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ప్రకృతి ఏదో ధరలకు అందని పవిత్ర స్థలంలో ఉన్నట్టు, ఇప్పుడు కొత్తగా మార్కెట్‌ను అక్కడికి తీసుకెళ్తున్నట్టు మాట్లాడతారు. నా కళ్లెదుట ఉన్న వాలును చూస్తే అది నిజం కాదు. మార్కెట్ అక్కడికి ఎప్పుడో చేరింది. దాన్ని అక్కడికి నడిపించినది ప్రజల డబ్బే.

యూరియా సంగతి చూడండి. 45 కిలోల బస్తా రైతుకు సుమారు 266 రూపాయలకు దొరుకుతుంది. అసలు ఖర్చు దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ, మిగతాది ఖజానా భరిస్తుంది. భాస్వరం ఎక్కువగా ఉండే డీఏపీ ఎరువు 50 కిలోల బస్తా 1,350 రూపాయలు. 2010లో కేంద్రం పోషకాల ఆధారిత రాయితీ విధానం తెచ్చినప్పుడు భాస్వరం, పొటాష్ ఎరువులను అందులో చేర్చి, యూరియాను బయట ఉంచింది. నత్రజని, భాస్వరం, పొటాష్ 4:2:1 పాళ్లలో ఉండాలని వ్యవసాయ శాస్త్రం చెబుతుంటే, ధరల పట్టిక మాత్రం నత్రజనే పోయమని చెబుతుంది. రైతు వినేది ధరల పట్టిక మాటే. మా చిన్నాన్న ఎరువుల దుకాణంలో కూర్చున్న రోజుల్లో నేను ఎన్నోసార్లు చూశాను: భూసార పరీక్ష కాగితం చేతిలో పట్టుకుని వచ్చిన రైతు కూడా చివరికి యూరియా బస్తాలే మోసుకుపోయేవాడు. పంట తీసుకోని నత్రజని కొంత నీటిలోకి దిగుతుంది, కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలోకి పోతుంది. భూమిని వేడెక్కించడంలో ఆ వాయువు బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 273 రెట్లు బలమైనది.

పత్తి కథ ఇంకా లోతైనది. 2024-25లో మధ్యరకం పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 7,121 రూపాయలు, పొడవు పింజకు 7,521. ధర ఒక్కటే అయితే పత్తి ఇంత వేగంగా వాలు ఎక్కేది కాదు. గడ్డి మందును తట్టుకునే పత్తి విత్తనాలు, మన దేశంలో అనుమతి లేకపోయినా, రాయగడ జిల్లా పల్లెల్లోకి వచ్చాయి. ఎకరం చేను కలుపు తీయాలంటే పదిమంది ఆడవాళ్లు రోజుల తరబడి వంగాలి. గడ్డి మందు డబ్బా ఒకటి కొని కొడితే పూటలో పని అయిపోతుంది. ఆ మందుకు పత్తి తప్ప ఏదీ తట్టుకోదు. కంది పోతుంది, అలసంద పోతుంది, గట్టు మీద గోంగూర పోతుంది. చేనులో కలిపి పండించే పద్ధతి ఎవరూ వద్దనకుండానే అంతరిస్తుంది. గ్లైఫోసేట్ అనే ఆ గడ్డి మందు వాడకాన్ని 2022లో కేంద్రం పరిమితం చేసింది, శిక్షణ పొందిన తెగుళ్ల నియంత్రణదారులే వాడాలని చెప్పింది. కొండ మీద ఆ ఉత్తర్వు చదివేవారు లేరు, కూలి లెక్క మాత్రం అందరికీ తెలుసు.

డెన్మార్క్ 2013 నుంచి పురుగుమందుల మీద పన్నును వాటి హానిని బట్టి వేస్తోంది. ఎంత విషమైతే అంత పన్ను. సూత్రంగా అది నాకు నచ్చుతుంది. కానీ మా కొండల్లో గడ్డి మందు మీద పన్ను ఒక్కటే వేస్తే ఆ భారం పడేది కూలీలు దొరకని ఒంటరి ఆడరైతు మీద. ముందు కలుపు తీసే చేతి యంత్రాలో, కూలికి సాయమో అందించి, ఆ తర్వాతే పన్ను మాట ఎత్తాలి. ఈ వరుస తప్పితే ప్రకృతి పేరుతో పేదవాణ్ణి శిక్షించినట్టవుతుంది.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. ప్రపంచ దేశాలు వ్యవసాయానికి ఏటా ఇచ్చే మద్దతు సుమారు 54,000 కోట్ల డాలర్లని, అందులో 87 శాతం ధరలను వక్రీకరించేదో, ప్రకృతికీ ఆరోగ్యానికీ హాని చేసేదో అని 2021లో ఐక్యరాజ్యసమితికి చెందిన మూడు సంస్థలు కలిసి లెక్కగట్టాయి.

చోడికి దారి దొరికిన తీరు

ఈ చీకట్లో మా వైపు ఒక మంచి పని జరిగింది, దాన్ని కాస్త వివరంగా చెప్పాలి.

ఒడిశా ప్రభుత్వం 2017లో గిరిజన ప్రాంతాల్లో చిరుధాన్యాల కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కనగిరి, కలహండి, కంధమాల్, నువాపడ జిల్లాల్లోని 30 బ్లాకులతో ఆరంభమైంది. విత్తనం, నాటు పద్ధతి, పిండి మరలు అన్నీ ఉన్నాయి కానీ అసలు మలుపు కొనుగోలు. గిరిజనాభివృద్ధి సహకార సంస్థ మద్దతు ధరకు రాగులు కొనడం మొదలుపెట్టింది. కొన్న రాగులను రేషన్ కార్డుల మీద పంచారు, కొన్ని జిల్లాల్లో అంగన్‌వాడీ పిల్లలకు లడ్డూలు చేసి పెట్టారు. అంటే ధర, కొనేవాడు, తినేవాడు ముగ్గురూ ఒకే గొలుసులో వచ్చారు. చాలా పథకాలు ఈ మూడింటిలో ఒకటి మరచిపోయి కూలిపోతాయి.

అదే సమయంలో మద్దతు ధర కూడా కదిలింది. 2017-18లో రాగుల మద్దతు ధర 1,900 రూపాయలు. మరుసటి ఏడాదే 2,897 అయింది. 2025-26కు 4,886. వరికి ఇదే కాలంలో 1,550 నుంచి 2,369. రాగి రెండున్నర రెట్లు దాటింది, వరి ఒకటిన్నర రెట్ల దగ్గర ఉంది. ఎరువు అడగని, వాన మీద బతికే, నిలవ చేస్తే ఏళ్ల తరబడి పురుగు పట్టని గింజకు ఇన్నాళ్లకు దక్కిన మర్యాద ఇది. సంతలో చోళ్ల బస్తా దించుకునే ఆడవాళ్ల మాటల్లో ఆ తేడా నాకు వినిపించింది. ఇదివరకు సావుకారు ఎంతంటే అంతకు ఇచ్చేవారు. ఇప్పుడు "సర్కారు రేటు ఇంత కదా" అని ఎదురు చెబుతున్నారు. ప్రభుత్వం కొన్నది తక్కువే అయినా, ఆ ధర సంతలో నలుగురికీ తెలిసినందువల్ల ప్రైవేటు బేరం కూడా పైకి లేస్తుంది.

అయినా ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో వెనక్కి లాగడమూ జరుగుతోంది. 2024-25 నుంచి ఒడిశా ప్రభుత్వం వరికి మద్దతు ధర మీద క్వింటాలుకు 800 రూపాయల సాయం కలుపుతోంది. ఆ ఏడాది 2,300కు 800 కలిసి 3,100 అయింది. వరి రైతుకు అది రావలసిందే, దానిపై నాకు వ్యతిరేకత లేదు. కానీ నీరు నిలిచే పల్లపు చెక్క ఉన్న రైతుకు ఎక్కువ సాయం, నీరు జారిపోయే వాలు చెక్క ఉన్న రైతుకు తక్కువ సాయం అయినప్పుడు, రాయితీ డబ్బు కూడా వాననీటిలాగే పల్లానికే పారుతోంది.

రాగి కొనుగోలులో మరో చిక్కుంది, దీన్ని గట్టిగా చెప్పేవారు తక్కువ. కేంద్రం మద్దతు ధరల పట్టికలో చిరుధాన్యాలంటే జొన్న, సజ్జ, రాగి మాత్రమే. సామకు, కొర్రకు, అరికకు అందులో చోటు లేదు. రాగి ఒక్కదానికే మంచి ధర వస్తే రైతు సామను, కొర్రను తీసేసి వాలంతా రాగే నాటుతాడు. పత్తి చేసిన పనినే రాగి కాస్త మెత్తగా చేస్తుంది. కొరాపుట్ సాగు సంప్రదాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఆ గుర్తింపు వచ్చింది ఒక్క గింజకు కాదు, అనేక వరి రకాలు, చిరుధాన్యాలు, పప్పులు కలిసి బతికే తీరుకు. కొనుగోలు విధానం ఆ కలయికకు ధర కట్టాలి. కనీసం మూడు పంటలు కలిపి వేసిన చేను నుంచి వచ్చిన బస్తాకు కొంత అదనం ఇస్తే చాలు, మిగతాది రైతుకు ఎలా చేయాలో తెలుసు.

పేరు మీద ధర తెచ్చుకోవడం ఇంకో మార్గం. కంధమాల్ పసుపుకు 2019లో, కొరాపుట్ కాలజీర బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చాయి. అవి మేలు చేస్తాయి. కానీ ఆ గుర్తింపు పంట ఎక్కడ పండిందో చెబుతుంది, ఎలా పండిందో పూర్తిగా చెప్పదు.

పాడు చేయనివాడికి అమ్మడానికి ఏముంది?

ఇప్పుడు ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పిన విషయానికి వస్తాను.

2023లో కేంద్రం పీఎం ప్రణామ్ అనే పథకాన్ని ఆమోదించింది. ఒక రాష్ట్రం గత మూడేళ్ల సగటు కంటే రసాయన ఎరువులు తక్కువ వాడితే, ఆదా అయిన రాయితీలో సగం ఆ రాష్ట్రానికి గ్రాంటుగా వస్తుంది. ఆలోచన మంచిది. కానీ లెక్క ఎక్కడ మొదలవుతోందో గమనించండి. నిన్న ఎక్కువ పోసినవాడు ఇవాళ తగ్గిస్తే బహుమతి. మొదటి నుంచీ పోయనివాడు తగ్గించడానికి ఏమీ లేదు కాబట్టి అతనికి ఏమీ రాదు. పై చెక్కలో చోడి నాటుతున్న ఆ తాత ఏ పట్టికలోనూ ఉండడు.

కార్బన్ క్రెడిట్లలో ఇదే లోపం మరింత పదునుగా కనిపిస్తుంది. ఒక టన్ను బొగ్గుపులుసు వాయువును తగ్గించినా, మట్టిలోనో చెట్టులోనో దాచినా ఒక క్రెడిట్. దాన్ని పొగ వదిలే కంపెనీ కొనుక్కుంటుంది. మన దేశంలో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకాన్ని 2023లో ప్రకటించారు, వ్యవసాయంలో స్వచ్ఛంద కార్బన్ మార్కెట్‌కు 2024 జనవరిలో మార్గదర్శకాలు వచ్చాయి. కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న: నా డబ్బు లేకపోతే ఇది జరిగేది కాదా? దుక్కి, ఎరువు మార్చుకున్న మైదానపు రైతు "కాదు" అని చెప్పగలడు. ఎప్పుడూ ఎరువు వేయని కొండ రైతు "ఇది ఎలాగూ జరిగేదే" అని నిజం చెబితే క్రెడిట్ రాదు. కొనేవాడి వైపు నుంచి ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ దాని ఫలితం మాత్రం నిజాయతీగా ఉన్నవాణ్ణి బయట నిలబెట్టడం.

పైగా చిన్న కమతాల్లో కొలత ఖర్చే మింగేస్తుంది. ఒక ఎకరం మట్టిలో ఏటా ఒక టన్ను చేరడమే కష్టం. దానికి మట్టి నమూనాలు, తనిఖీదారులు, కాగితాలు, మధ్యవర్తి వాటా. అన్నీ పోగా రైతు చేతికి వచ్చేది పండగకు ఒక చీర కొనేంత కూడా ఉండకపోవచ్చు. 2024లో ఒక పెద్ద అంతర్జాతీయ ధ్రువీకరణ సంస్థ చైనాలోని 37 వరి సాగు ప్రాజెక్టుల క్రెడిట్లను లెక్కల్లో లోపాల కారణంగా తిరస్కరించింది. అంత పెద్ద ఏర్పాట్లే నిలబడనప్పుడు, ఆ డబ్బును నమ్ముకుని అప్పు చేయమని కొండ రైతుకు ఎవరు చెప్పగలరు?

2023 అక్టోబరులో వచ్చిన గ్రీన్ క్రెడిట్ నియమాల గురించి నాకు భయం కూడా ఉంది. క్షీణించిన అటవీ భూమిలో మొక్కలు నాటి, పెంచితే క్రెడిట్లు ఇస్తారు. పోడు చేసి రెండు మూడేళ్లు వదిలేసిన బీడు, కాగితం మీద "క్షీణించిన భూమి"గానే కనిపిస్తుంది. ఆ బీడు విశ్రాంతి తీసుకుంటున్న చేను. అక్కడ దుంపలు తవ్వుకుంటారు, పశువులు మేస్తాయి, మళ్లీ సాగుకు వస్తుంది. దాన్ని ఎవరో క్రెడిట్ల కోసం చెట్లతో నింపితే, నష్టపోయేది దాన్ని తరతరాలుగా మార్చి మార్చి వాడుకుంటున్న కుటుంబమే.

వంశధార కింద ఉన్నవాళ్లకు ఒక మాట

మార్కెట్ చర్యల్లో నాకు అన్నింటికంటే నమ్మకం కలిగించేది, మా ప్రాంతంలో ఇంకా ఎవరూ ప్రయత్నించనిది ఒకటుంది. పైన వాలును కాపాడేవాడికి కింద నీరు వాడుకునేవాడు చెల్లించడం.

వంశధార కలహండి, రాయగడ కొండల్లో పుట్టి, గుణుపురం, కాశీనగర్ మీదుగా శ్రీకాకుళం జిల్లాలోకి దిగి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. హిరమండలం దగ్గరి గొట్టా బ్యారేజీ కాలువల కింద సుమారు రెండు లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. ఈ నీటి కోసం రెండు రాష్ట్రాలూ ఎంతో కాలంగా తగువులాడుతున్నాయి. 2010లో ట్రిబ్యునల్ ఏర్పడింది, వంశధార మీద ఆంధ్రప్రదేశ్ కట్టదలచిన నేరడి బ్యారేజీ గురించి 2017లో తీర్పు వచ్చింది. అన్ని వాదనల్లోనూ ప్రశ్న ఒక్కటే: ఎవరికి ఎన్ని టీఎంసీలు? ఆ నీరు పుట్టే వాలు మీద మట్టి నిలుస్తుందా లేదా అన్నది చర్చకు రాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి ఊరి మీద పడ్డాయి, కింద శ్రీకాకుళంలో వంశధార పొంగింది. కొండకూ తీరానికీ ఒకే రాత్రి ఒకే దెబ్బ తగిలింది. ఆ వానకు ఏ చెట్టూ ఏ చేనూ పూర్తిగా అడ్డు నిలవలేకపోయేది, అది నిజం. కానీ ఏటా వచ్చే మామూలు వానకు వాలు మీద పచ్చని కప్పు ఉందా లేదా అన్నది కాలువలో పడే ఒండ్రును నిర్ణయిస్తుంది.

న్యూయార్క్ నగరం 1997లో ఇదే లెక్క వేసుకుంది. తాగునీటి శుద్ధి కేంద్రం కట్టాలంటే 600 నుంచి 800 కోట్ల డాలర్లు కావాలని తేలింది. దానికి బదులు, నీరు వచ్చే కొండల్లోని రైతులకు, పల్లెలకు డబ్బిచ్చి పరీవాహక ప్రాంతాన్ని కాపాడుకోవడం ఎంతో చవక అయింది. అక్కడ రైతుల దయ మీద, నగరం దయ మీద ఏదీ నడవలేదు. ఒప్పందం మీద నడిచింది.

మన దగ్గర ఊహకు ఒక లెక్క వేద్దాం. రెండు లక్షల ఎకరాల ఆయకట్టుకు ఎకరాకు ఏడాదికి 50 రూపాయలు అనుకుంటే కోటి రూపాయలు. వాలు మీద కలిపి సాగు చేసే, గట్లు నిలిపే రైతుకు ఎకరాకు 2,000 ఇస్తే 5,000 ఎకరాలకు సరిపోతుంది. కింది రైతూ ధనవంతుడు కాడు కాబట్టి ఆ 50 రూపాయలు అతని నుంచి పిండమని నేను అనను. కాలువల్లో పూడిక తీయడానికి ఏటా పెట్టే ఖర్చులో కొంత భాగాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ఎగువకు పంపవచ్చు. ఈ చెల్లింపులో ఒక గొప్ప గుణం ఉంది. నిన్న పాడు చేశావా అని అది అడగదు. ఇవాళ వాలు బాగుందా అని మాత్రమే అడుగుతుంది. పై చెక్కలోని తాతకు మొట్టమొదటిసారి చోటిచ్చే లెక్క ఇదే.

డబ్బు ఏ చేతికి?

ఇక్కడే చాలా మంచి ఆలోచనలు మట్టిలో కలుస్తాయి. చెల్లింపు భూమి కాగితం ఉన్నవాడికి పోతుంది, సాగు చేసేవాడికి కాదు. 1960 నాటి ఒడిశా భూసంస్కరణల చట్టం కౌలును దాదాపుగా నిషేధించింది. కౌలు ఆగలేదు, కౌలుదారు కంటికి కనబడకుండా పోయాడు. గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకూడదని 1956 నిబంధన ఉంది. అయినా సరిహద్దు దాటి వచ్చిన మాలో కొందరు నోటిమాట మీద వాలు భూములు తీసుకుని పత్తి వేస్తున్నారు. తెలుగువాణ్ణిగా ఇది రాయడం నాకు బాధగా ఉంది, రాయకపోతే ఇంకా తప్పు. వాలును కాపాడినందుకు ఇచ్చే డబ్బు ఇలాంటి చేతుల్లోకి వెళ్తే, పత్తి చేసిన నష్టానికి అవమానం కూడా తోడవుతుంది.

అందుకని ఆధారం పట్టా ఒక్కటే కాకూడదు. 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చే హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేరునా ఉంటుంది. ఖాతా కూడా అలాగే ఇద్దరి పేరునా తెరవాలి, ఎందుకంటే విత్తనం దాచేదీ కలుపు తీసేదీ ఎక్కువగా ఆమే. ఎవరు ఏ చెక్క దున్నుతున్నారో, ఎవరి చేనులో ఎన్ని పంటలున్నాయో ఉపగ్రహం కంటే పల్లిసభకు, అంటే ఒడిశాలో ఊరి గ్రామసభకు, బాగా తెలుసు. ఆ చట్టం కింద హక్కుల దావాలను మొదట పరిశీలించేది ఆ సభే. చోడి కోతలయ్యాక, కొనుగోలు కేంద్రం తెరిచే ముందు, ప్రతి పల్లిసభా ఒక రోజు కూర్చుని రెండు జాబితాలు రాస్తే చాలు. మొదటిదానిలో ఈ ఏడు వాలు మీద కలిపి పండించినవారి పేర్లు, చెక్క గుర్తులతో. రెండోదానిలో ఎవరి చెక్క ఎవరు దున్నుతున్నారో. మొదటి జాబితా గిరిజనాభివృద్ధి సహకార సంస్థకు అదనపు ధర కోసం వెళ్తుంది, దాని నకలు హిరమండలం ఇరిగేషన్ కార్యాలయానికి. రెండోది ఊరిలోనే ఉంటుంది, డబ్బు వచ్చిన రోజున అందరి ఎదుట చదవడానికి.